పొదలు లెక్కపెడుతూ లంకమల చుట్టూ

మొదటి రోజు: సిద్ధవటం

కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఉన్న సిద్ధవటం కోట గోడ ఎక్కి ఉత్తరానికి చూస్తే లంకమల కొండలు ఒక పొడవైన నీలి గీతలా కనిపిస్తాయి. జనవరి చివరి వారం కావడంతో కొండవాలు చెట్లు సగం ఆకు రాల్చి ఉన్నాయి, కొండకూ ఏటికీ నడుమ ఉన్న నేల మాత్రం అక్కడక్కడా ముదురాకుపచ్చగా ఉంది. ఆ నడిమి నేలను చూడడానికే నేను వచ్చాను. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యాన్ని 1988లో ప్రకటించారు. దాని విస్తీర్ణం దాదాపు 464 చదరపు కిలోమీటర్లు. అభయారణ్యం లోపల ఏముందో చెప్పే రాతలు చాలా ఉన్నాయి గానీ, దాని అంచున, హద్దురాళ్ళకు ఇవతల, చెట్లూ పొదలూ ముప్పై ఏళ్ళలో ఎలా మారాయో సొంత కళ్ళతో చూసి రాసుకోవాలన్న కోరిక నాకు ఎన్నాళ్ళుగానో ఉంది.

నా సామానులో 25 మీటర్ల నైలాను తాడు, సరిగ్గా రెండు మీటర్లకు కోసుకున్న వెదురు కర్ర, ఒక నోటు పుస్తకం, రెండు ఉపగ్రహ చిత్రాల ప్రతులు ఉన్నాయి. ల్యాండ్‌శాట్ చిత్రాలను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు కాబట్టి 1990ల నాటిది ఒకటి, ఇటీవలిది ఒకటి అచ్చు వేయించుకున్నాను. రెండూ జనవరి నెలవే తీసుకోవడానికి కారణం ఉంది. ఈ అడవి ఎండాకాలంలో ఆకు రాల్చేది కావడంతో డిసెంబరు చిత్రాన్ని ఏప్రిల్ చిత్రం పక్కన పెడితే, ఒక్క చెట్టూ కొట్టకపోయినా అడవి మాయమైనట్టే కనిపిస్తుంది. పచ్చదనం పెరిగిందనీ తగ్గిందనీ చెప్పే కొన్ని పోలికల్లో ఈ పొరపాటు దొర్లడం నేను చూశాను.

ఆ చిత్రాల్లో ఒక్కో చుక్క నేల మీద 30 మీటర్ల చదరం. అంత చోటులో పది పొదలు, రెండు చెట్లు, కొంత గడ్డి, కొంత ఎర్రమట్టి అన్నీ కలిసిపోయి ఒకే రంగు అవుతాయి. పాత చిత్రంలో లంకమల పాదం పొడవునా గోధుమ రంగు, పలచని ఆకుపచ్చ కలిసిన పట్టీ ఒకటి ఉంది. కొత్త చిత్రంలో ఆ పట్టీ ముక్కలు ముక్కలై, మధ్యమధ్య చిక్కని ఆకుపచ్చ చదరాలు వచ్చాయి. చిత్రాన్ని మాత్రమే చూసేవారు ఇక్కడ పచ్చదనం పెరిగిందనే అంటారు, అందులో అబద్ధమూ లేదు. ఆ ఆకుపచ్చ దేనిదో తెలియాలంటే మాత్రం కాళ్ళకు పని చెప్పక తప్పదు.

సాయంత్రం ఏటిలోకి దిగాను. ఇసుక అంచున మనిషి దూరలేనంత దట్టంగా సర్కారు తుమ్మ పెరిగి ఉంది. దీనిని ఈ సీమలో ఉత్త ‘కంప’ అని కూడా అంటారు. ఈ చెట్టుకూ కడప జిల్లాకూ ఉన్న సంబంధం పాతదే. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ కోరిక మీద జమైకా నుంచి గింజలు తెప్పించి 1870లలో కమలాపురం దగ్గర నాటించారు. దేశంలో ఈ చెట్టు తొలిగా నాటుకున్న చోట్లలో అదొకటి. వంటచెరుకు కొరత తీర్చడానికి తెచ్చిన చెట్టు ఆ పని బాగానే చేసింది, ఇవాళ్టికీ చేస్తోంది. కానీ మేకలు దీని ఆకు ముట్టవు, కాయలు మాత్రం ఇష్టంగా తింటాయి. వాటి కడుపులో గట్టి గింజ అరగకుండా మెత్తబడి, పెంటికలతో పాటు అవి నడిచిన ప్రతి బాటలోనూ మొలుస్తుంది. నరికితే మొదలు నుంచి నాలుగైదు కొమ్మలు లేస్తాయి. దాని నీడలో గడ్డి పెరగదు. ఇసుకలో కూర్చుని ఒక ఎండుకాయ విరిచి చూశాను. పసుపు రంగు గుజ్జు తియ్యగా, కొంచెం వగరుగా ఉంది, లోపల గింజలు ఒక్కొక్కటీ గట్టి పెంకు గదిలో విడివిడిగా అమరి ఉన్నాయి. ఆ పెంకును గోటితో తీయడం నా వల్ల కాలేదు.

రెండో రోజు: కొండ పాదం

తెల్లవారుజామునే బయలుదేరి కొండ పాదం వెంట పోయే బండ్ల బాట పట్టాను. ముందు రోజే పరిచయమైన జీవాల కాపరి ఒకాయన తోడు వచ్చారు. అరవై దాటిన ఆ పెద్దాయనకు ఈ నేల మీద ప్రతి పొదా పేరుతో సహా తెలుసు. ఆయన ముందు, మేకలు ఆయన వెనక, నేను మేకల వెనక నడిచాం.

ఈ అడవిని అటవీ లెక్కల్లో ఏ పేరుతో రాసినా ఇక్కడివాళ్ళు చిట్టడవి అనే అంటారు. చండ్ర, తుమ్మ, రేగు, పరికి, కలివి, బలుసు, మంగ, బందారు ఇక్కడి ప్రధానమైన మొక్కలు. వీటిలో చాలావాటికి ముళ్ళుంటాయి, ఆకులు చిన్నవి, వేరు గట్టిది. తక్కువ వానకూ, గులకరాళ్ళ ఎర్రనేలకూ, రోజూ మేసే మేకలకూ అలవాటుపడిన సంసారం ఇది. ఒక పొదకూ ఇంకో పొదకూ మధ్య ఆరేడు అడుగుల బోడి నేల ఉంటుంది. ఆ ఖాళీని చూసి కొత్తవాళ్ళు అడవి పాడైపోయిందనుకుంటారు. నేను కూడా మొదటిసారి వచ్చినప్పుడు అలాగే అనుకున్నాను. నిజానికి ఆ ఖాళీ ఉంటేనే అది చిట్టడవి.

ఈ మాటకు ఆధారం కలివి కోడి. కలివి పొదల నడుమ తిరిగే ఈ పక్షికి ఆ పొద పేరే వచ్చింది. రొమ్ము మీద రెండు పట్టీలతో, పెద్ద కళ్ళతో ఉండే ఈ పిట్ట రాత్రిపూట పొదల మధ్య బోడి నేల మీద పరుగెత్తుతూ చెదలనూ చీమలనూ ఏరుకుని తింటుంది. 2000 తర్వాత పక్షి పరిశోధకుడు జెగన్నాథన్, ఆయన సహచరులు ఇక్కడ ఏళ్ళ తరబడి పని చేశారు. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి పాదముద్రలు చూశారు, మనిషి లేకుండా ఫొటోలు తీసే కెమెరాలు పెట్టారు, సాయంత్రాలు పిలుపులు విన్నారు. రెండు మీటర్ల కంటే ఎత్తైన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకూ ఉండి, పొట్టి పొదలు వెయ్యికి లోపు ఉన్నచోటే ఈ పక్షి ఉండే అవకాశం ఎక్కువని వారు 2004లో ప్రచురించారు. అంతకంటే పలచనైతే పక్షికి చాటు ఉండదు, చిక్కనైతే పరుగెత్తే దారి ఉండదు.

నా తాడు, వెదురు కర్ర ఈ అంకె కోసం తెచ్చుకున్నవే. తాడును నాలుగుసార్లు నేరుగా పరిస్తే 100 మీటర్లు. దానికి అటు అయిదు, ఇటు అయిదు మీటర్ల వెడల్పు తీసుకుంటే హెక్టారులో పదో వంతు అవుతుంది. ఆ పట్టీలో కర్ర కంటే ఎత్తైన పొదలు 30 నుంచి 70 లోపు ఉంటే చిట్టడవి తన కొలతలో ఉన్నట్టు. ఇదేమీ శాస్త్ర పరిశోధన కాదని, ఒక్కో చోట ఒక్కో పట్టీతో ఏ నిర్ధారణా చేయకూడదని నాకు తెలుసు. నడిచే మనిషి కంటికి ఒక కొలబద్ద కావాలి కాబట్టి ఈ లెక్క పెట్టుకున్నాను.

మొదటి పట్టీ హద్దురాయికి ఇవతల, జీవాలు రోజూ మేసే నేల మీద పరిచాను. కర్ర పట్టుకుని ఒక్కో పొద దగ్గరికీ వెళ్ళి ఎత్తు చూసి, నోటు పుస్తకంలో గీతలు గీస్తూ పోతే 52 వచ్చాయి. పెద్దాయన మొదట్లో నవ్వుతూ చూసి, పది నిమిషాల తర్వాత తానే కర్ర అందుకుని “ఇది పరికి, రాసుకో. ఇది కలివి. ఇది చండ్ర పిల్ల, నీ కర్రకి అందలేదు, వదిలేయ్” అంటూ ముందుకు సాగారు.

ఆ మధ్యాహ్నమే రెండో పట్టీ. బాటకు అవతల ఎవరో కొని చుట్టూ ముళ్ళకంచె వేసి, పన్నెండేళ్ళుగా సాగు చేయకుండా వదిలేసిన భూమి ఉంది. అందులోకి మేకలు పోవు, కట్టెలు కొట్టేవారూ పోరు. మనుషులూ పశువులూ ముట్టకపోతే అడవి తనంతట తాను బాగుపడుతుందని మనలో చాలామంది నమ్ముతాం కాబట్టి ఇక్కడ ఏముంటుందోనని ఆసక్తిగా కంచె పక్కన నిలబడ్డాను. తాడు పరచడమే సాధ్యం కాలేదు. బందారు, సర్కారు తుమ్మ, పరికి తీగలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని గోడ కట్టాయి. కంచె బయటి నుంచే సగం పొడవు లెక్కపెట్టేసరికి వంద దాటింది. నేల కనబడలేదు.

“ఇదంతా ముందు ఒకటే అడివి సారూ,” అన్నారు పెద్దాయన, చేత్తో బాటకు రెండు పక్కలా చూపిస్తూ. “జీవాలు తిరిగినన్నాళ్ళూ ఇట్లా మూసుకోలేదు. ఇప్పుడు ఆ పక్క తోటలు, ఈ పక్క ఫారెస్టు. మాకు నడిమద్దిన ఈ బాట మిగిలింది.”

ఆయన మాటలో తన కష్టం ఉంది, ఒక నిజం కూడా ఉంది. ఈ చిట్టడవి మనిషి చేయి తగలని అడవి కాదు. తరాలుగా మేకలు చిగుళ్ళు కొరకడం వల్ల, ఊరివాళ్ళు వంటచెరుకుకు కొమ్మలు కొట్టుకోవడం వల్ల, పొదలు పెరుగుతూ తరుగుతూ ఒక మధ్యస్థమైన పలచదనంలో నిలిచాయి. మేత మితిమీరితే నేల బోడి అవుతుంది, పూర్తిగా ఆగితే మూసుకుపోతుంది. కలివి కోడి మీద పని చేసిన పరిశోధకులు కూడా ఈ నేలను కాపాడాలంటే మేతనూ కట్టెల నరుకుడునూ ఒక పద్ధతిలో నడపవలసి రావచ్చని రాశారు. కాపాడడమంటే కంచె వేయడమేనని అనుకునే మనకు ఇది మింగుడుపడని సంగతి.

మూడో రోజు: రెడ్డిపల్లె

రెడ్డిపల్లె చూడకుండా లంకమల చుట్టూ తిరిగానని చెప్పుకోలేను. జెర్డాన్ అనే మద్రాసు వైద్యుడు సేకరించిన నమూనా ఆధారంగా 1848లో శాస్త్రలోకానికి తెలిసిన కలివి కోడి, 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించిన తర్వాత మరి ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఈ పల్లెలు తిరిగి, పక్షి బొమ్మ చూపించి అడుగుతూ పోయారు. 1986 జనవరిలో ఇక్కడి వేటగాడు ఒకాయన రాత్రి టార్చిలైటు వెలుగులో ఒక పిట్టను పట్టుకున్నాడు. పుస్తకాల్లో ఎనభై ఆరేళ్ళుగా లేని పక్షి ఈ ఊరి నోటిలో పేరుతో సహా బతికే ఉంది. అభయారణ్యం వచ్చింది ఆ తర్వాత రెండేళ్ళకు.

ఊరి బయటి నుంచి కొండ వైపు నడిస్తే మొదట నిమ్మతోటలు, తర్వాత జామాయిల్ తోట, ఆ తర్వాత చిట్టడవి వస్తాయి. తోటలు వేసుకున్నవారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. వాన మీద ఆధారపడి కొర్రలూ వేరుశనగా వేసి నష్టపోయిన కుటుంబానికి బోరు పడి నిమ్మతోట పండితే అది వాళ్ళ బతుకు నిలబడడమే. చాలావరకూ ఇవి పట్టా భూములూ, ప్రభుత్వం పేదలకిచ్చిన డి.కె.టి. భూములూ. రెవెన్యూ రికార్డులో చిట్టడవికి వేరే గడి లేదు. బంజరు, పోరంబోకు, సాగుకు పనికిరానిది అన్న మాటల కింద అది నలిగిపోయింది. ఎవరి కాగితంలోనూ విలువ లేని నేలను ఎవరు మాత్రం అలాగే ఉంచుకుంటారు?

జామాయిల్ తోటలో మూడో పట్టీ పరిచాను. చెట్లు సైన్యంలా వరుసలు తీరి ఉన్నాయి, కర్ర కంటే చాలా ఎత్తుగా, ఒకే వయసులో. పొదలు మాత్రం ఒక్కటీ లేవు. కింద ఎండిన ఆకులు చెప్పు కింద పటపటమంటున్నాయి. వంగి ఆకుల్ని చేత్తో తొలగించి చూస్తే ఎర్రనేల గట్టిగా, నున్నగా ఉంది. పొద్దున బాట పక్కన ప్రతి పదడుగులకూ కనబడిన చెదపుట్ట ఇక్కడ వంద మీటర్లలో ఒక్కటి లేదు. పుస్తకంలో సున్నా చుట్టి, ఆ సున్నాను చూస్తూ కొంతసేపు అక్కడే కూర్చున్నాను. ఉపగ్రహ చిత్రంలో నాకు మొదటి రోజు కనబడిన చిక్కని ఆకుపచ్చ చదరం ఇదే.

సాయంత్రం పెద్దాయనతో కలిసి హద్దుకు ఇవతల ఒక బండ మీద కూర్చున్నాం. రాత్రివేళ అభయారణ్యం లోపలికి పోవడానికి అనుమతి ఉండదు, ఉన్నా పోయేవాడిని కాను. కలివి కోడి సూర్యాస్తమయం తర్వాత సుమారు ముప్పావు గంటకు పిలుస్తుంది. ఆ పిలుపులు కొద్ది నిమిషాలే ఉంటాయి. రికార్డు చేసిన పిలుపు వినిపిస్తే బదులిస్తుందని తెలిసి ఫోనులో పెట్టుకొచ్చేవాళ్ళున్నారు. ఇంత కొద్ది పక్షులున్న చోట ఆ పని చేయడం నాకు సమ్మతం కాదు. ఊరికే వినడానికే వచ్చాం. పొద్దు గుంకాక పొదల రంగు ముందు పోయింది, తర్వాత ఆకారం పోయింది, చివరికి వాటి మధ్యనున్న బోడి నేల మాత్రమే చుక్కల వెలుగులో కొంచెం తెల్లగా మిగిలింది. పగలు నేను ఖాళీ అనుకున్నది రాత్రి దారిగా మారడం అప్పుడు కంటికి కనబడింది. ఒక తీతువు అరిచింది, దూరాన నక్కలు ఊళ వేశాయి. ఏడున్నర దాకా కూర్చున్నాం గానీ మేం వినడానికి వచ్చిన పిలుపు వినబడలేదు.

“మా చిన్నప్పుడు కొర్రచేలో కూడా అరిచేది,” అని పెద్దాయన లేచి దుప్పటి దులుపుకున్నారు.

సుమారు పదిహేనేళ్ళ పాటు రూఢిగా జాడ దొరకని ఈ పక్షి పిలుపు 2025లో జిల్లాలో మళ్ళీ రికార్డయిందని తెలిసినప్పుడు నేను ఎంత సంతోషించానో ఆయనకు చెప్పాను. ఆయన తల ఊపి, “ఉండే ఉంటది. దానికి చోటు ఉండాల గదా” అన్నారు.

నాలుగో రోజు: కాలువ గట్టు

ఈ రోజు ఎక్కువ దూరం తిరిగాను గానీ రాయవలసింది తక్కువ. శ్రీశైలం నుంచి కృష్ణ నీటిని వెలుగోడు మీదుగా పెన్నకూ, అక్కడి నుంచి సోమశిల, కండలేరు దాటించి మద్రాసుకూ చేర్చే తెలుగుగంగ కాలువ ఈ ప్రాంతం గుండానే పోతుంది. 1983 ఒప్పందం మేరకు మద్రాసు తాగునీటికి 15 టీఎంసీలు కేటాయించారు. దారిలో రాయలసీమ పొలాలకూ నీళ్ళివ్వాలన్నది ఇక్కడివారి ఆశ, హక్కు కూడా. 2005లో కాలువ తవ్వకం యంత్రాలు అభయారణ్యం లోపల కలివి కోడి తిరిగే నేలలోకి వచ్చి పొదలను పెళ్ళగించాయి. అటవీ శాఖ ఆ పని ఆపించింది, ఆ తర్వాత కాలువ దారి మార్చారు. నీళ్ళు వద్దని ఎవరూ అనలేదు. దారి కాస్త జరిపితే రెండూ దక్కుతాయని తేలింది కాబట్టి ఆ కథ నాకు ఇష్టం.

అయితే కాలువ తవ్విన వెడల్పు వరకే మార్పు ఆగదు. గట్టు వెంట నడుస్తుంటే ఇది స్పష్టంగా తెలుస్తుంది. నీరు వస్తుందన్న నమ్మకంతో ముందుగానే భూములు చదును చేస్తారు. జేసీబీ ఒక్క పూటలో తీసే పొదలు మళ్ళీ లేవడానికి ఇరవై ఏళ్ళు చాలవు, ఎందుకంటే అది పైకొమ్మను కాదు, వేరును లాగుతుంది. గొడ్డలితో కొట్టిన కలివి మళ్ళీ చిగురిస్తుంది, యంత్రం పెకలించిన కలివి చిగురించదు. మరో పక్క గట్టు ఊట తగిలే చోట సర్కారు తుమ్మ గుంపులుగా లేచింది. 1991 నుంచి 2000 దాకా ఉపగ్రహ చిత్రాలు పోల్చిన పరిశోధకులు అభయారణ్యం లోపలా చుట్టుపక్కలా పొదల అడవి తగ్గి, సాగు పెరిగిందని అప్పట్లోనే చూపించారు. నేను గట్టు కింద చదును చేసి వదిలేసిన నేలలో పరిచిన నాలుగో పట్టీలో తొమ్మిది పొదలున్నాయి. తొమ్మిదీ సర్కారు తుమ్మే.

రాత్రి బద్వేలులో బస చేశాను. చెప్పులో దిగిన పరికి ముల్లు తీసుకోవడానికి అరగంట పట్టింది.

అయిదో రోజు: వాలు మీద, తిరిగి కింద

పొద్దున్నే పగటి అనుమతితో, అటవీ సిబ్బందిలో ఒకరు వెంట రాగా, యాత్రికులు నడిచే బాటలో కొండవాలు ఎక్కాను. వంద మీటర్ల ఎత్తుకే అడవి మారిపోయింది. పొదలు వెనకబడి చిరుమాను, నారేపి, అక్కడక్కడా ఎర్రచందనం కనబడ్డాయి. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు ఎర్రచందనం. మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలిన దాని బెరడు మీద చేయి వేసి కొంతసేపు నిలబడ్డాను. ఆ పక్కనే లావుపాటి మొద్దు ఒకటి ఉంది, ఎప్పుడో నరికిన చెట్టుది. దాని మొదలు చుట్టూ చేతి మణికట్టు లావున ఏడు పిలకలు లేచి ఉన్నాయి. దొంగ నరుకుడు జరిగిన చోట చెట్టు చావదు, పొద అవుతుంది. పెద్ద చెట్టు నీడ పోయిన చోట వెలుతురు పడి ముళ్ళకంప ఎక్కుతుంది. కింద పొదల అడవి తోటగా మారుతుంటే, పైన చెట్ల అడవి పొదగా మారుతోంది. దూరం నుంచి చూస్తే రెండూ పచ్చగానే ఉంటాయి.

భారత అటవీ సర్వే సంస్థ 1987 నుంచి దాదాపు రెండేళ్ళకోసారి అడవుల నివేదిక ఇస్తుంది. అందులో ఒక హెక్టారుకు మించి ఉండి, చెట్ల గొడుగు నేలలో నూటికి పది వంతులైనా కప్పితే దానిని అడవిగా లెక్కిస్తారు, భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా సరే. గొడుగు 10 నుంచి 40 శాతం ఉంటే పలచని అడవి, 40 నుంచి 70 దాకా మధ్యస్థం, 70 దాటితే చాలా దట్టమైనది. అటవీ భూమిలో పది శాతానికి తగ్గితే పొదలు. దానిని అడవి లెక్కలోకి తీసుకోరు. దేశమంతటికీ ఒకే కొలతతో, ఒకే పద్ధతిలో చిత్రం ఇవ్వాలంటే ఏదో ఒక గీత గీయక తప్పదని ఒప్పుకుంటాను. కానీ ఆ గీత లంకమల పాదానికి తెచ్చి పెడితే ఏమవుతుందో నా పుస్తకంలోని అంకెలు చూపిస్తున్నాయి. 52 పొదలున్న మొదటి పట్టీ అడవి కాదు. ఒక్క పొదా, ఒక్క చెదపుట్టా లేని జామాయిల్ తోట అడవి. మొదటిది చదును చేసి రెండోది నాటితే ఆ ఏటి నివేదికలో జిల్లా అడవి పెరిగినట్టు వస్తుంది.

మొక్కలు నాటే పథకాలు కూడా చాలాసార్లు ఈ గీతనే నమ్ముకుని ఖాళీ నేల వెతుకుతూ చిట్టడవిలోకి వస్తాయి. గుంటలు తవ్వి, పొదలు తీసి, చెట్లు నాటేవారు మనసారా మంచి పనే చేస్తున్నామనుకుంటారు. వాళ్ళను కూర్చోబెట్టి ఒక్క సాయంత్రం ఆ బండ మీద నుంచి నేలను చూపించాలని నాకు అనిపిస్తుంది. అభయారణ్యాల చుట్టూ పర్యావరణ సున్నిత మండలాల గురించి సుప్రీంకోర్టు 2022 జూన్‌లో కిలోమీటరు వెడల్పుండాలని ఇచ్చిన ఆదేశాన్ని 2023 ఏప్రిల్‌లో సడలించింది. ఆ మండలం ఎంత వెడల్పు అన్న దాని మీద జరిగినంత చర్చ, దానిలో ఎలాంటి పచ్చదనం ఉండాలన్న దాని మీద జరగడం లేదు.

మధ్యాహ్నం దిగివచ్చేసరికి పెద్దాయన మేకలతో బాట మీదే ఎదురుచూస్తున్నారు. తాను చిన్నప్పటి నుంచి మేపిన ముక్క ఒకటి చూపిస్తానని రెడ్డిపల్లె తోవకు పడమరగా ఉన్న మూడెకరాల చోటికి తీసుకువెళ్ళారు. నా అయిదో పట్టీ అక్కడ పరిచాను. ఈసారి కర్ర ఆయనే పట్టుకున్నారు, నేను రాశాను. పరికి, కలివి, చండ్ర, బలుసు, మళ్ళీ కలివి. ప్రతి రెండు పొదల నడుమా మేక డెక్కల గుర్తులతో మెత్తబడిన బోడి నేల, చెదపుట్టలు, ఒకచోట కుందేలు పెంటికలు. లెక్క 41 దగ్గర ఆగింది.

“బాగుందా?” అని అడిగారు.

“కొలతకు సరిగ్గా ఉంది పెద్దాయనా.”

“వానలు పడినాక ఇదీ జామాయిలుకే ఇస్తన్నారంట. మాట అయిపోయిందంట.” ఆయన కర్రను తుడిచి నా చేతికిచ్చారు. “జీవాలను ఇంగ యాడికి తోలుకోవాల్నో చూసుకోవాల.”

తాడు చుట్టుకోవడం ఆపి, పట్టీ మొదలైన చోటా ముగిసిన చోటా ఫోనులో అక్షాంశ రేఖాంశాలు చూసి రాసుకున్నాను. మొదటి కలివి పొద పక్కన రెండు రాళ్ళు పేర్చి గుర్తు పెట్టాను. ఆ భూమి ఎవరిదో, వారితో మాట్లాడడానికి ఎప్పుడు వస్తే దొరుకుతారో పెద్దాయనను అడిగి తెలుసుకున్నాను. వచ్చే సోమవారం బద్వేలులో ఉంటారట.